పరుగు ఆగాక... ఓ ఇల్లు కావాలి!

ఏడాదిన్నర వయసుకే పందేనికి దిగుతుంది. నాలుగైదేళ్లు నిండేసరికి రిటైరైపోతుంది. ఆ తర్వాత ఇంకా ఏడెనిమిదేళ్ల ఆయుష్షు మిగిలే ఉంటుంది! పరుగు తప్ప మరేమీ ఎరగని పందెం కుక్కకు ఆ మిగతా బతుకంతా ఎవరు దిక్కు? బ్రిటన్‌లో అందుకు సమాధానం... సెలవురోజు పొద్దున్నే లేచి, వానలో తడుస్తూ, కుక్కల షెడ్లకు వెళ్లే మామూలు మనుషులు. జీతం లేదు, భత్యం లేదు. నెలల తరబడి పెంచుకున్న మమకారాన్ని ఒకరోజు వేరొకరి కారెక్కించి చెయ్యూపడమే వాళ్ల ఉద్యోగం!

'గ్రేహౌండ్స్' అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది కుక్కలు కాదు. 1989లో మన రాష్ట్రంలో ఏర్పాటైన పోలీసు దళం. అడవులు, తుపాకులు, కూంబింగ్. ఆ దళానికి అరువిచ్చిన పేరు మాత్రం ఓ కుక్కది. సన్నటి నడుం, లోతైన ఛాతీ, విల్లులా వంగిన వెన్ను, పొడవాటి కాళ్లు. గంటకు 70 కిలోమీటర్ల వరకూ వేగం అందుకోగలదు. భూమ్మీద ఇంతకన్నా వేగంగా పరిగెత్తే కుక్క లేదు.

ఆ వేగమే దానికి వరం... ఆ వేగమే శాపం. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, అమెరికాల్లో వందేళ్లుగా దాని మీద డబ్బు కాస్తున్నారు. ఒక పందెం సాధారణంగా అరనిమిషమే. బ్రిటన్‌లో ఎక్కువగా పెట్టే 480 మీటర్ల పందెం దాదాపు 30 సెకన్లలో అయిపోతుంది. ఆరు కుక్కలు, ఆరు రంగుల కోట్లు... ఒకటో నంబరుకు ఎరుపు, రెండుకు నీలం, మూడుకు తెలుపు, నాలుగుకు నలుపు, ఐదుకు నారింజ, ఆరుకు నలుపు తెలుపు చారలు. ఎదురుగా పట్టాల మీద దూసుకుపోయే కుందేలు బొమ్మ. దాన్ని పట్టుకోవాలన్న తాపత్రయంతో ఆరూ ప్రాణాలు పెట్టి ఉరుకుతాయి. ఎన్నిసార్లు ఉరికినా అది దొరకదు.

వేగం కాస్త తగ్గినా, కాలు మడతపడినా, కుందేలు మీద మోజు పోయినా ఇక ఆ కుక్కతో యజమానికి పనిలేదు. అక్కడినుంచి మొదలవుతుంది వాలంటీర్ల పని.

శనివారం పొద్దున్నే...

బ్రిటన్‌లో రిటైరైన పందెం కుక్కలకు ఇళ్లు వెతికే సంస్థలు చాలానే ఉన్నాయి. వాటిలో పెద్దది గ్రేహౌండ్ ట్రస్ట్. 1975లో 'రిటైర్డ్ గ్రేహౌండ్ ట్రస్ట్' పేరుతో మొదలైంది. దీనికి ఊరూరా శాఖలున్నాయి. వాటిని నడిపేది ప్రధానంగా వాలంటీర్లే. స్కూలు టీచర్లు, నర్సులు, రిటైరైన బస్సు డ్రైవర్లు, కాలేజీ పిల్లలు... ఇలా ఎవరైనా కావచ్చు. కావాల్సిందల్లా వానకోటు, బురదకు తట్టుకునే బూట్లు, కొంచెం ఓపిక.

ఊరి చివర పొలాల మధ్య ఉంటుంది కెన్నెల్. వరుసగా గదులు. ఒక్కో గదిలో సాధారణంగా రెండేసి కుక్కలు, పరుపుగా చింపిన కాగితాలో పాత దుప్పట్లో. పొద్దున్నే తాళాల చప్పుడు వినపడగానే గదులన్నీ ఒక్కసారి గోల. ముందు గదులు కడగాలి, నీళ్లు మార్చాలి, దుప్పట్లు ఉతకాలి. ఆ తర్వాతే అందరూ ఎదురుచూసే పని... నడక!

దానికీ ఓ పద్ధతుంది. గ్రేహౌండ్ తలకన్నా మెడ లావు. మామూలు మెడపట్టీ వేస్తే వెనక్కి ఒక్క గుంజు గుంజి తల బయటికి లాగేసుకుంటుంది. అందుకే లాగితే బిగుసుకునే వెడల్పాటి పట్టీ వేస్తారు. కొత్త కుక్కయితే ఛాతీకి మరో పట్టీ. మూతికి చిక్కం. మన పల్లెల్లో నూర్పిళ్లప్పుడు ఎడ్ల మూతికి కట్టేదే, కాకపోతే ఇది ప్లాస్టిక్‌ది. చిక్కం చూసి 'అమ్మో, కరుస్తుందేమో' అనుకుంటారు చాలామంది. మనుషుల జోలికి రాని కుక్కలే ఎక్కువ. చిక్కం ఎదురుపడే పిల్లుల కోసం, బుజ్జి కుక్కపిల్లల కోసం. చిన్నగా, గబగబా కదిలేది కనిపిస్తే చాలు, దాని కంటికి అది కుందేలే!

అన్నిటికన్నా ముందు నేర్పే సూత్రం ఒకటుంది. చేతిలోని తాడు ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. కొన్ని అంగల్లోనే పూర్తి వేగం అందుకునే జంతువు అది. 'ఆగు' అని మనం అనే లోపు రోడ్డు దాటేసి ఉంటుంది. తాడు విప్పేది చుట్టూ కంచె ఉన్న మైదానంలోనే.

అంతటి పరుగువీరుడు నడకకు వెళ్తే రెచ్చిపోతాడనుకుంటాం. కానీ చాలా కుక్కలు పక్కనే బుద్ధిగా నడుస్తాయి. కొన్నయితే దారి మధ్యలో ఠక్కున ఆగిపోయి బొమ్మలా నిలబడిపోతాయి. లాగితే రావు, బతిమాలితే రావు. చెత్తబండి చప్పుడో, గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచో... ఏదో భయం. అప్పుడు వాలంటీరు చేయాల్సింది పక్కనే తానూ నిలబడటం. భయం తగ్గాక నెమ్మదిగా వచ్చి, ముప్ఫై కిలోల బరువునూ మన కాళ్లకు ఆనించి నిలబడుతుంది. గ్రేహౌండ్ కౌగిలింత అదే!

మెట్లంటే భయం

ఇంట్లో పెరిగే కుక్కపిల్లకు ఇల్లంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. పందెం కుక్కకు అదే పెద్ద చదువు. పుట్టింది ఫారంలో. పెరిగింది షెడ్డులో. తిరిగింది వ్యాన్‌లో. మెట్లెక్కడం తెలీదు. గాజు తలుపు అడ్డమని తెలీదు, నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారుతుంటే వణికిపోతుంది. వాషింగ్ మెషీన్ తిరిగినా, టీవీలో ఎవరో నవ్వినా బెదిరిపోతుంది. అద్దంలో తన బొమ్మ చూసి ఎవరో వచ్చారనుకునేవీ ఉంటాయి.

అందుకే కొందరు వాలంటీర్లు దత్తతకు ముందు కుక్కను కొన్ని వారాలు తమ ఇంట్లోనే పెట్టుకుంటారు. దీన్నే ఫోస్టరింగ్ అంటారు. ఒక్కో మెట్టు మీద ఒక్కో పాదం తామే పట్టుకుని పెట్టి ఎక్కడం నేర్పుతారు. గాజు తలుపులకు కాగితాలు అంటిస్తారు. వేళకు బయటికి తీసుకెళ్లి ఎక్కడ కాలు మడవాలో అలవాటు చేస్తారు. ఇంట్లో ఒంటరిగా ఉండటం మొదట అయిదు నిమిషాలు, తర్వాత పది, ఆ తర్వాత అరగంట. పుట్టినప్పటినుంచీ పక్కన ఇంకో కుక్క లేకుండా ఉండనిదానికి ఒంటరితనమే అన్నిటికన్నా కష్టమైన పాఠం మరి.

ఇంకో జాగ్రత్త కూడా చెబుతారు. పడుకున్న కుక్క మీద చెయ్యి వేయకూడదు, దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి. నిద్రలో తనను తాకేవాళ్లెవరూ ఇంతవరకూ లేకపోవడంతో ఒక్కసారిగా ఉలిక్కిపడి పళ్లు చూపించే కుక్కలుంటాయి. చిన్నపిల్లలున్న ఇంటికి పంపేముందు ఈ సంగతి తప్పకుండా గమనిస్తారు.

ఒంటి విషయంలోనూ ఇది మిగతా కుక్కల్లాంటిది కాదు. ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం కాగితమంత పల్చన. చలికి ఆగలేదు, అందుకే నడకకు కోటు వేస్తారు. ముళ్లకంప గీసుకుంటే కుట్లు పడాల్సిందే. మెత్తటి తిండితో పెరగడం వల్ల పళ్లు తరచూ పాడై ఉంటాయి. అరికాళ్ల మెత్తల్లో ఆనెలు వచ్చి కుంటుతుంటాయి. కొన్ని రకాల మత్తుమందుల ప్రభావం నుంచి మామూలు కుక్కల కన్నా చాలా ఆలస్యంగా తేరుకుంటుంది. ఆ సంగతి తెలిసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి.

ఇంటికి అలవాటు పడిందంటే మాత్రం... సోఫా దాని సొంతం! గాలి పీల్చినంత సులువుగా నిద్రపోతుంది. నాలుగు కాళ్లూ గాల్లోకి పెట్టి వెల్లకిలా పడుకుంటుంది. మరీ సంతోషం వేస్తే పళ్లు టకటకలాడిస్తుంది. ప్రపంచంలోనే వేగంగా పరిగెత్తే ఈ బద్ధకిష్టికి రోజుకు రెండు చిన్న నడకలు చాలు. ఈ మాట మొదటిసారి విన్నవాళ్లెవరూ ఓ పట్టాన నమ్మరు.

కుందేలు బొమ్మ వెనక వందేళ్లు

ఈ పందేల కథ అమెరికాలో మొదలైంది. ఒవెన్ పాట్రిక్ స్మిత్ అనే ఆయన నిజం కుందేళ్ల బదులు యంత్రంతో నడిచే బొమ్మను తయారుచేశాడు. 1919లో కాలిఫోర్నియాలోని ఎమెరీవిల్‌లో దాంతో ట్రాక్ తెరిచాడు. 1926 జులైలో అది మాంచెస్టర్‌లోని బెల్ వ్యూకు చేరింది. ఇంకేముంది... గుర్రప్పందేలు పెద్దమనుషులకైతే, కుక్కపందేలు ఫ్యాక్టరీ కార్మికులకు! 1929, 1930ల్లో వరసగా రెండుసార్లు ఇంగ్లిష్ డెర్బీ గెలిచిన 'మిక్ ద మిల్లర్' అనే కుక్క అప్పట్లో సినిమా తారలతో సమానం. చనిపోయాక కూడా దాని దేహాన్ని పారేయలేదు. ట్రింగ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఇప్పటికీ నిలబడే ఉంది.

గెలిచిన కుక్క మ్యూజియానికి చేరింది. మరి ఓడిపోయినవాటి సంగతి?

దానికి జవాబు 2006 జులైలో దొరికింది. ఇంగ్లండ్‌లోని డరమ్ కౌంటీ, సీహామ్ అనే ఊళ్లో ఓ వ్యక్తి పదిహేనేళ్లుగా పనికిరాని పందెం కుక్కలను డబ్బు తీసుకుని చంపి, తన స్థలంలోనే పూడ్చిపెడుతున్నాడని 'సండే టైమ్స్' బయటపెట్టింది. ఆ సంఖ్య పదివేలకు పైనే ఉంటుందని రాసింది. దేశం నివ్వెరపోయింది. విచిత్రమేమిటంటే, అతనికి జరిమానా పడింది కుక్కల్ని చంపినందుకు కాదు... అనుమతి లేకుండా పూడ్చినందుకు!

ఆస్ట్రేలియాలోనూ ఇదే కథ. బతికున్న జంతువులను ఎరగా వేసి కుక్కలకు శిక్షణ ఇస్తున్నారని 2015 ఫిబ్రవరిలో అక్కడి ఏబీసీ టీవీ బయటపెట్టింది. న్యూసౌత్‌వేల్స్‌లో మాజీ న్యాయమూర్తి మైకేల్ మెక్‌హ్యూ నాయకత్వంలో విచారణ జరిగింది. పన్నెండేళ్లలో 48 వేల నుంచి 68 వేల కుక్కలను, వేగం చాలదన్న కారణంతోనే చంపేసి ఉంటారని 2016లో ఆ నివేదిక తేల్చింది. రాష్ట్రంలో పందేలు నిషేధిస్తామని జులైలో ప్రకటించిన ప్రభుత్వం, ఒత్తిడికి తలొగ్గి అక్టోబరులోనే వెనక్కి తగ్గింది.

ఈ లెక్కలు చదివాకే కెన్నెల్‌లో ఒక ఖాళీ గది విలువ అర్థమవుతుంది. ఒక కుక్క దత్తత వెళ్తే ఒక గది ఖాళీ. ఒక గది ఖాళీ అయితే ట్రాక్ నుంచి ఇంకో కుక్కకు చోటు. గది దొరక్కపోతే... ఎదురుచూపే.

ఎవరింటికి ఏ కుక్క?

దత్తత అనగానే నచ్చిన కుక్కను చూపించి తీసుకెళ్లిపోవడం కాదు. పెళ్లిసంబంధం కుదిర్చినంత పని! కుక్కకు ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారు, టీకాలు వేయిస్తారు, పళ్లు శుభ్రం చేయిస్తారు. తర్వాత దాని గుణం చూస్తారు. చిక్కం కట్టి, దూరం నుంచి బుజ్జి కుక్కనో పిల్లినో చూపిస్తారు. కళ్లు తిప్పేసుకుంటే పాస్. కళ్లార్పకుండా చూస్తూ ఒళ్లు బిగపడితే, ఆ కుక్క పిల్లులున్న ఇంటికి పోదు.

ఆపై ఇంటి తనిఖీ. ఇదీ అనుభవమున్న వాలంటీర్ల పనే. పెరటి కంచె దూకలేనంత ఎత్తుందా? ఎక్కడైనా కన్నాలున్నాయా? రోజంతా ఇంట్లో ఎవరూ ఉండరా? అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా? ఈ ప్రశ్నలకు కొందరు నొచ్చుకుంటారు కూడా. కానీ ఒకసారి ఇల్లు చూసి మళ్లీ షెడ్డుకు తిరిగొచ్చిన కుక్కను చూసినవాళ్లు ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టరు.

సంబంధాలు వెతకడానికి కుక్కల్ని బజారుకూ తీసుకెళ్తారు. పెంపుడు జంతువుల దుకాణం ముందో, ఊరి తిరునాళ్లలోనో రెండు కుక్కల్ని పట్టుకుని నిలబడతారు. వచ్చేపోయేవాళ్లు ఆగుతారు, నిమురుతారు. 'రోజుకు ఎన్ని మైళ్లు పరిగెత్తించాలి?' అనేది మాటిమాటికీ వచ్చే ప్రశ్న. జవాబుగా, కుక్క అప్పటికే నేల మీద పడి నిద్రపోతుంటుంది!

ముద్దుగా, చిన్న వయసులో ఉన్నవి త్వరగానే వెళ్లిపోతాయి. వయసు మళ్లినవి, కాలు విరిగి అతికినవి, మనిషిని చూస్తే గోడకు నక్కేవి నెలల తరబడి ఉండిపోతాయి. వాలంటీర్ల ఓపికకు అసలు పరీక్ష అవే. మొదటి నెల గదిలోంచి బయటికి రాదు. రెండో నెల చేతిలోని బిస్కెట్ అందుకుంటుంది. మూడో నెల ఓ రోజు, తలుపు తీయగానే తోక ఊపుతుంది. ఆ ఒక్క క్షణం కోసం మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లున్నారు.

తుడుస్తున్నది ఎవరి మరక?

ఈ సేవ వెనక ఓ చిక్కుప్రశ్న ఉంది. పందేలవాళ్లు కుక్కల్ని పుట్టిస్తారు, డబ్బు సంపాదిస్తారు. పని అయిపోయాక వాటి బాధ్యత వాలంటీర్లదా? 'మనం ఇళ్లు వెతుకుతున్నాం కాబట్టే వాళ్లు నిశ్చింతగా ఉన్నారు' అనేది ఒక వాదన. 'వాళ్లతో పోట్లాడుతూ కూర్చుంటే ఈ రోజు షెడ్డులో ఉన్న కుక్క గతేమిటి?' అనేది రెండో వాదన. ఒకే కెన్నెల్‌లో పక్కపక్క గదులు కడిగే ఇద్దరు ఈ రెండు వైపులా ఉండొచ్చు.

పందేల నియంత్రణ సంస్థ గ్రేహౌండ్ బోర్డ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ 2018 నుంచి గాయాల, మరణాల లెక్కలు ప్రకటిస్తోంది. ఆ మొదటి ఏడాదే 900కు పైగా కుక్కలు చనిపోయినట్లు తేలింది. 2020లో ఒక్కో కుక్క పేరిట 400 పౌండ్లు ముందే జమచేసే పథకం పెట్టారు. యజమాని సగం, బోర్డు సగం. రిటైరయ్యాక ఆ డబ్బు దత్తత చూసే సంస్థకు వెళ్తుంది. మరణాలు తగ్గాయన్నది బోర్డు మాట. అది చాలదన్నది జంతు సంక్షేమ సంస్థల మాట. ఆర్‌ఎస్‌పీసీఏ, డాగ్స్ ట్రస్ట్, బ్లూక్రాస్ కలిసి 2022 సెప్టెంబరులో పందేలనే దశలవారీగా ఆపేయాలని డిమాండ్ చేశాయి. 2025 ఫిబ్రవరిలో వేల్స్ ప్రభుత్వం పందేలను నిషేధిస్తామని ప్రకటించింది.

నిషేధం వస్తే అంతా సుఖాంతమేనా? ట్రాక్‌కు తాళం పడిన మర్నాడే అసలు పని మొదలవుతుంది. మకావులోని కానిడ్రోమ్ 2018లో మూతపడినప్పుడు 500కు పైగా కుక్కలు దిక్కులేకుండా మిగిలాయి. 'అనిమా' అనే స్థానిక సంస్థ వాటి బాధ్యత తలకెత్తుకుంది. దేశదేశాల వాలంటీర్లు చేతులు కలిపారు. ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా... ఎక్కడెక్కడి ఇళ్లకో అవి విమానాలెక్కి వెళ్లాయి.

అమెరికాలోని ఫ్లోరిడాలో 2018 నవంబరులో ఓటర్లే తేల్చేశారు. 69 శాతం మంది పందేలు వద్దన్నారు. 2020 డిసెంబరు 31 నాటికి ట్రాక్‌లన్నీ మూతపడాలని గడువు. రెండేళ్ల వ్యవధి ఉండటంతో వాలంటీర్లు ముందుగానే ఇళ్లు సిద్ధం చేసుకోగలిగారు. తర్వాత చిత్రం తిరగబడింది. కుక్కల కోసం జనమే వరసలో నిలబడ్డారు! న్యూజిలాండ్ కూడా అదే దారి పట్టింది. 2026 జులై కల్లా పందేలు ముగించాలని 2024 డిసెంబరులో ప్రకటించింది. ఇళ్లు చూడాల్సిన కుక్కలు సుమారు 2,900 అని అప్పుడే లెక్కగట్టింది. చట్టం ఒక్క సంతకంతో అయిపోతుంది. ఇల్లు మాత్రం ఒక్కో కుక్కకు ఒక్కొక్కటిగా వెతకాల్సిందే.

చెయ్యూపే రోజు

వాలంటీర్లకు మొదటి పాఠం తాడు వదలకపోవడమైతే, చివరి పాఠం తాడు అప్పగించడం. ఆరు నెలలు నడిపించిన కుక్క, మెట్లెక్కడం నేర్పిన కుక్క, బాణసంచా రాత్రి భయపడితే పక్కన కూర్చుని నిమిరిన కుక్క... ఒక ఆదివారం కొత్తవాళ్లు వస్తారు. కాగితాల మీద సంతకాలవుతాయి. కోటు, చిక్కం, మెడపట్టీ అందజేస్తారు. రికార్డుల్లో ఉన్న మూరెడు పొడవు పందెం పేరు అక్కడే ఆగిపోతుంది. కొత్తింట్లో దానికి ముద్దుపేరు పెడతారు. కారు తలుపు పడుతుంది. కుక్క వెనక్కి తిరిగి చూసినా చూడకపోయినా వాలంటీరుకు కళ్లు చెమర్చక మానవు.

ఫోస్టరింగ్ చేసేవాళ్లలో కొందరు ఇక్కడే ఓడిపోతారు. పంపలేక తామే దత్తత తీసుకుంటారు. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'ఫెయిలవడం'. అలా ఫెయిలైనందుకు బాధపడినవాళ్లు తక్కువే. మిగతావాళ్లు మాత్రం కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, ఆ గది కడిగి, కొత్త దుప్పటి పరుస్తారు. సాయంత్రానికి ఇంకో వ్యాన్ వస్తుంది. మెట్లంటే ఏమిటో తెలియని ఇంకో కుక్క దిగుతుంది.

మీరూ వెళ్లొచ్చు!

మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, సిడ్నీ, మెల్‌బోర్న్... మన పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్లే ఈ ఊళ్లకు చుట్టుపక్కలే ఈ కెన్నెళ్లూ ఉంటాయి. అద్దె ఇంట్లో కుక్కను పెంచే వీలు లేకున్నా వారానికి రెండు గంటలు నడిపించే వీలుంటుంది. వెళ్లాలనుకుంటే...

* ముందుగా ఫోన్ చేసి వెళ్లాలి. వయోపరిమితి, శిక్షణ నియమాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి.

* కుక్కలంటే భయమున్నవాళ్లకూ పనులుంటాయి. దుప్పట్లు ఉతకడం, కోట్లు కుట్టడం, ఫొటోలు తీయడం, విరాళాలు సేకరించడం, కారులో ఆసుపత్రికి చేర్చడం.

* వీలైతే వారం వారం అదే రోజు, అదే వేళకు వెళ్లాలి. బెదురు కుక్కలకు తెలిసిన ముఖమే సగం మందు.

* తినుబండారాలు అడగకుండా పెట్టకూడదు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కుక్కలకు విషం. మన ఇంటి కూర మెతుకులూ అంతే!

* పాత తువాళ్లు, దుప్పట్లు పారేయకండి. ఏ కెన్నెల్‌కైనా అవి కావాలి.